దెబ్బకు కర్త ఎవరు?

పాటలో మాట రాసినవారికి పేరుంది. బాణీ కట్టినవారికి పేరుంది. పాడిన గొంతుకు పేరుంది. పాటను నడిపించే దెబ్బకు మాత్రం కర్త లేడు. సినిమా పాట అయినా, ఉద్యమ పాట అయినా, ఇవాళ మన యువతరం చెవుల్లో మోగుతున్న హిప్‌హాప్ అయినా ఈ అమరిక మారలేదు. ఇది సంగీతానికి సహజమైన ధర్మమేమీ కాదు. శ్రమను మెట్లుగా పేర్చుకున్న సమాజం శబ్దాలను కూడా అదే వరుసలో పేర్చుకుంది. హైదరాబాద్‌లో ఒక చిన్న గదిలో కూర్చుని ర్యాప్ పాటలకు బీట్లు కట్టడం నా జీవనాధారం కనుక, ఆ పని ఎలా జరుగుతుందో చెబుతూనే ఈ మాటను వివరించే ప్రయత్నం చేస్తాను.

హిప్‌హాప్‌లో డ్రమ్ము చప్పుడును ఉన్నదున్నట్టుగా వాడడం అరుదు. వినేవారికి ఒక్క దెబ్బగా తోచేది సాధారణంగా మూడు నాలుగు దెబ్బల కలయిక. కిక్ అనే లోతైన దెబ్బనే తీసుకోండి. అన్నిటికంటే అడుగున, రోలాండ్ సంస్థ 1980లో తెచ్చిన టీఆర్-808 యంత్రపు గుమ్మనే నాదం ఉంటుంది. అది చెవి కంటే ముందు ఛాతీకి తగులుతుంది. కాని చిన్న ఫోనులో వినేవారికి ఆ నాదం దాదాపు చేరదు. అందుకని దాని మీద మధ్యస్థాయి బరువున్న మరో దెబ్బను వేస్తాం. ఆ రెండింటి మీద, కర్ర తోలును తాకిన తొలి క్షణంలోని 'టక్' అనే ముక్కను మాత్రమే కోసి అతికిస్తాం. స్నేర్ దెబ్బ కూడా అంతే. ఒక పొర దానికి ఒళ్లు, ఒక పొర పదును, మరొక పొర తోక. ఇందులో ఒక చిక్కు ఉంది. ఒక దెబ్బ తరంగం పైకి లేస్తున్న క్షణంలో రెండో దెబ్బ తరంగం కిందికి దిగుతుంటే రెండూ ఒకదాన్నొకటి మింగేస్తాయి. రెండు కలిపినా ఒక్కదాని కంటే పలచగా మోగుతుంది. అప్పుడు ఒకదాన్ని తలకిందులు చేయాలి, లేదా వెంట్రుకవాసి జరపాలి. ఏ పొరకు ఏ స్థాయిలో చోటివ్వాలో, ఎక్కడ కోసేయాలో తేల్చుకోవాలి. ఇంత చేశాక వినేవారికి ఒకే ఒక్క దెబ్బ వినబడాలి. అతుకు తెలియకపోవడమే ఈ పనిలో నేర్పు.

ఆ నేర్పు మీద నాకు అభ్యంతరం లేదు. అతుకుతో పాటు, అతికిన ముక్కల వెనక ఉన్న చేతులు కూడా మాయమవుతున్నాయన్నదే నా అభ్యంతరం.

మన దగ్గర ఆ మధ్య పొరలోకి ఇప్పుడు డప్పు వచ్చి చేరింది. దీనికి కారణముంది. 808 నాదానికి అడుగు ఉంది గాని నడుము లేదు. చింతగింజల బంకతో కొయ్య చట్రానికి అంటించి, గడ్డిమంట మీద కాచిన తోలులో ఆ నడుము ఉంది. సిర్రతో కొట్టిన దెబ్బ స్నేర్‌కు ఒంటిబలం ఇస్తుంది. సిటికెనపుల్ల చేసే చిటపట హై-హ్యాట్ చేయవలసిన పనిని చేసిపెడుతుంది. వేడి తగ్గేకొద్దీ గొంతు దిగుతుంది కనుక ఏ రెండు దెబ్బలూ అచ్చంగా ఒకేలా ఉండవు. యంత్రం తనంత తాను ఇవ్వలేని ఈ తేడా కోసమే బీట్లు కట్టేవారు డప్పును వెతుక్కుంటూ వస్తున్నారు. చెన్నైలో 2018 జనవరిలో తొలి కచేరీ చేసిన క్యాస్ట్‌లెస్ కలెక్టివ్ బృందం వాడల గానా పాటనూ, దాని తాళవాద్యాలనూ, ర్యాప్‌నూ ఒకే వేదిక మీదికి తెచ్చాక తమిళనాట ఈ ధ్వనులకు ఒక రాజకీయ గౌరవం దక్కింది. అయితే వేదిక మీద వాయించే మనిషి కనబడతాడు. కంప్యూటర్‌లో కనబడడు.

కొన్నేళ్ల కిందట నగరంలోని ఒక రికార్డింగ్ థియేటర్‌కు పల్లె నుంచి నలుగురు డప్పు కళాకారులను పిలిపించారు. నేను అక్కడ సహాయకుడిని. గేటు బయట పాత పేపర్లు మండించి వారు డప్పులు కాచుకుంటుంటే కాపలాదారు అడ్డుపడ్డాడు. లోపల కరెంటు హీటరు పెట్టి ఆ గొడవ సర్దవలసి వచ్చింది. నలుగురినీ కలిసి వాయించనివ్వలేదు. ఒక్కొక్కరినీ గాజుగదిలో నిలబెట్టి, ఒక్క దెబ్బ కొట్టి, అది పూర్తిగా ఆరిపోయేదాకా కదలకుండా ఉండమన్నారు. మెల్లగా ఒకటి, నడిమిగా ఒకటి, గట్టిగా ఒకటి. తోలు నడుమ, అంచున, వట్టి చేతితో. సాయంత్రానికి మూడు వందలకు పైగా దెబ్బలు పోగయ్యాయి. వారిలో పెద్దాయన ఒకే ప్రశ్న అడిగాడు: "ఒక్క దెబ్బతోని ఏంజేస్తవు బిడ్డా?"

ఆ ప్రశ్నలో సంగీతశాస్త్రం ఉంది. డప్పు ఒంటరి వాద్యం కాదు. ఒకరు అడిగితే మరొకరు బదులిచ్చే సంభాషణ అది. బీట్లు కట్టే యంత్రంలో ఒక ఆవర్తం సాధారణంగా పదహారు గడులు. ప్రతి దెబ్బా ఏదో ఒక గడిలో పడాలి, గీత మీద పడిన దాన్ని యంత్రం గడిలోకి నెట్టేస్తుంది. మన తీన్మార్ ఆ పదహారు గడుల్లో ఇమడదు. దాని నడక మూళ్ల మీద సాగుతుంది కనుక గడులను పన్నెండుగా మార్చుకుంటే తప్ప కాలు కలవదు. హైదరాబాద్ వీధుల్లో ఈ నడక మర్ఫాతో కలగలిసి ఉంటుంది. నిజాం సైన్యంలోని ఆఫ్రికన్ అశ్వికదళం పేరు మీద ఏసీ గార్డ్స్ అని నేటికీ పిలిచే చోట స్థిరపడిన సిద్దీల వాద్యమది. ఆఫ్రికా చేతులు, డప్పు చేతులు ఒకే ఊరేగింపులో నడవడం మనకు హిప్‌హాప్ నేర్పిన సంగతేమీ కాదు. రోజర్ లిన్ రూపకల్పన చేయగా అకాయ్ సంస్థ 1988లో విడుదల చేసిన ఎంపీసీ-60 యంత్రం, సరి గడుల్లోని దెబ్బలను కొద్దిగా ఆలస్యం చేసి 'స్వింగ్' అనే ఊపును ఇచ్చింది. ఆ ఊపు కూడా చాలదనుకున్న జె డిల్లా, యంత్రం చేసే దిద్దుబాటును పక్కనపెట్టి వేళ్లతోనే దెబ్బలు వేసి, యంత్రానికి మనిషి తడబాటును నేర్పాడు. ఆయన 2006లో చనిపోయాడు. ఆయన వాడిన యంత్రం ఇవాళ వాషింగ్టన్‌లోని ఆఫ్రికన్ అమెరికన్ చరిత్ర మ్యూజియంలో ఉంది. దాన్ని అక్కడ చేర్చినవారు యంత్రాన్ని కాదు, ఆ వేళ్లను గౌరవించారు.

మన నలుగురు కళాకారులకు దక్కింది ఒక రోజు కూలి, బస్సు ఛార్జీలు. ఇంగ్లీషులో ఉన్న ఒక కాగితం మీద ఇద్దరు సంతకం పెట్టారు, ఇద్దరు వేలిముద్ర వేశారు. సర్వ హక్కులు, సర్వకాలాలకు, ప్రపంచమంతటా అని అందులో రాసి ఉంది. తర్వాత ఆ దెబ్బలన్నీ ఒక మూటగా అమ్మకానికి వచ్చాయి. కొన్నవారు ఎన్ని పాటల్లోనైనా వాడుకోవచ్చు, మళ్లీ ఎవరికీ పైసా కట్టనక్కర్లేదు. 'రాయల్టీ ఫ్రీ' అని దానికి పేరు. ఆ మూటలో మనుషుల పేర్లు లేవు, వరుస అంకెలున్నాయి. ఒక డప్పు సరిగా కాగక చివర్లో సన్నగా వణికేది. ఆ వణుకును నేను ఇప్పటికీ పాటల్లో గుర్తుపడుతుంటాను.

ఇది మన దగ్గర మాత్రమే ఉన్న రోగం కాదు. హిప్‌హాప్ తన పునాదిలోనే దీన్ని మోసుకొచ్చింది. న్యూయార్క్ బ్రాంక్స్‌లో 1973 ఆగస్టు 11న కూల్ హెర్క్ ఇచ్చిన విందును ఈ కళ పుట్టినరోజుగా జరుపుకుంటారు. గొంతూ బాకాలూ ఆగిపోయి డ్రమ్ము ఒక్కటే మోగే కొద్ది సెకన్ల కోసం నృత్యకారులు ఎదురుచూస్తున్నారని హెర్క్ గమనించాడు. ఒకే రికార్డు ప్రతులు రెండు పెట్టుకుని ఆ సెకన్లను సాగదీశాడు. అంటే ఈ కళ డ్రమ్మరును ముందుకు తేవడంతోనే మొదలైంది. లెక్కల పుస్తకంలో మాత్రం అతడు వెనకే ఉండిపోయాడు.

జేమ్స్ బ్రౌన్ బృందంలో క్లైడ్ స్టబుల్‌ఫీల్డ్ అనే నల్లజాతి డ్రమ్మరు ఉండేవాడు. 1969 నవంబరులో సిన్సినాటిలో రికార్డయిన 'ఫంకీ డ్రమ్మర్'లో ఆయన ఒంటరిగా వాయించిన ఆ కొద్ది సెకన్లు వెయ్యికి పైగా పాటల్లో చేరాయి. పబ్లిక్ ఎనిమీ బృందం 1989లో తెచ్చిన 'ఫైట్ ది పవర్' వాటిలో ఒకటి. నల్లజాతి ఆత్మగౌరవ గీతంగా లోకం గుర్తించిన ఆ పాట అనేక శాంపిళ్లను పొరలు పొరలుగా పేర్చి కట్టినది. అందులో ఒక పొర స్టబుల్‌ఫీల్డ్. పాట కర్తృత్వం, రికార్డు హక్కు ఆయనవి కావు కనుక శాంపిల్ సొమ్ము ఆయనను చేరలేదు. ఆయనకు క్యాన్సర్ వచ్చినప్పుడు చికిత్స ఖర్చు భరించింది ఏ హక్కుల సంఘమూ కాదు, ఆయన దెబ్బను ప్రేమించిన మరో కళాకారుడు ప్రిన్స్. స్టబుల్‌ఫీల్డ్ 2017లో కన్నుమూశాడు.

ది విన్‌స్టన్స్ బృందపు డ్రమ్మరు గ్రెగరీ కోల్‌మన్ కథ ఇంతకంటే చేదు. 1969లో వచ్చిన 'ఆమెన్, బ్రదర్'లో ఆయన వాయించిన దాదాపు ఏడు సెకన్లు 1988 నాటి 'స్ట్రెయిట్ ఔటా కాంప్టన్' పాటకు, ఆ తర్వాత బ్రిటన్‌లో జంగిల్, డ్రమ్ అండ్ బేస్ అనే సంగీత రీతులకు ఆధారమయ్యాయి. కోల్‌మన్ 2006లో అట్లాంటాలో నిలువనీడ లేని స్థితిలో చనిపోయాడు. 2015లో బ్రిటన్ అభిమానులు చందాలు పోగుచేసి బృంద నాయకుడికి సుమారు 24,000 పౌండ్లు అందజేశారు. వాయించిన మనిషి అప్పటికి లేడు.

దీని పక్కన మరో సంగతి పెట్టి చూడాలి. జర్మనీకి చెందిన క్రాఫ్ట్‌వెర్క్ బృందం 1977 నాటి తమ పాటలోని రెండు సెకన్ల తాళపు ముక్కను 1997లో ఒక ర్యాప్ పాటలో వాడుకున్నారని కోర్టుకెక్కింది. ఆ వివాదం జర్మనీ అత్యున్నత న్యాయస్థానానికీ, అక్కడి రాజ్యాంగ న్యాయస్థానానికీ వెళ్లి, 2019లో ఐరోపా న్యాయస్థానం తీర్పు దాకా సాగింది. రెండు సెకన్ల దెబ్బ కోసం ఒక ఖండపు న్యాయవ్యవస్థ అంతా తలపట్టుకుంది. క్రాఫ్ట్‌వెర్క్ చేసింది న్యాయమే. తమ శబ్దానికి తామే యజమానులు కనుక చేయగలిగారు. దెబ్బకు విలువ లేదని, దాన్ని లెక్కకట్టలేమని ఎవరైనా అంటే నేను ఈ కేసునే గుర్తుచేస్తాను. విలువ కట్టగలరు. ఎవరి దెబ్బ అన్నదే ప్రశ్న.

ఇక మన చట్టానికి వద్దాం. 1957 కాపీరైట్ చట్టం సంగీతకృతిని నిర్వచించినప్పుడు రాగాన్ని, స్వరసమ్మేళనాన్ని పేర్కొంది. అది కూడా అచ్చులోనో రాతలోనో గీతల్లోనో ఉండాలంది. అందులో తాళం మాటే లేదు. రాతకు దూరంగా ఉంచిన కులాల దెబ్బకు ఆ నిర్వచనంలో ఎక్కడ చోటుంటుంది? 1977లో సుప్రీంకోర్టు ఒక కేసులో సినిమా సంగీతంపై నిర్మాతల హక్కును సమర్థించినప్పుడు జస్టిస్ కృష్ణయ్యర్ తన విడి వ్యాఖ్యలో ఈ వింతను ఎత్తిచూపారు. గొంతుకూ గానానికీ కాక, కాగితం మీది స్వరానికే చట్టం రక్షణ ఇస్తోందని వాపోయారు. 1994 సవరణతో నిర్వచనం మారింది, రాత తప్పనిసరి కాకుండా పోయింది. ప్రదర్శకుల హక్కు అనేది తొలిసారి చట్టంలోకి వచ్చింది. పాములవాడిని, గారడీవాడిని కూడా ప్రదర్శకుడిగా పేరుపెట్టి చెప్పిన ఆ జాబితా చదివి సంతోషించాను. అదే ఏడాది జూలై 7న ప్రకాశం జిల్లా ఈదుమూడిలో మాదిగ దండోరా మోగిందన్నది చట్టం రాసినవారికి తెలిసి ఉండకపోవచ్చు.

2012లో ప్రదర్శకులకు రాయల్టీ హక్కు కూడా ఇచ్చారు. సరిగ్గా అప్పుడే ప్రదర్శకుడి నిర్వచనానికి ఒక మినహాయింపును తగిలించారు. సినిమాలో ఎవరి ప్రదర్శన యాదృచ్ఛికమో ప్రాసంగికమో అయి, పరిశ్రమ వాడుక ప్రకారం వారి పేరు టైటిల్స్‌తో సహా ఎక్కడా వేయరో, వారిని ప్రదర్శకులుగా పరిగణించరట. తమ ప్రదర్శనను వికృతం చేస్తే అభ్యంతరం చెప్పే ఒక్క హక్కు మాత్రం మిగిలింది. 'పరిశ్రమ వాడుక' అన్న మాట చదివినప్పుడు నాకు 'ఊరి ఆచారం' అన్న మాట వినబడింది. పేరు వేయకపోవడం అన్యాయమని చట్టం చెప్పలేదు. పేరు వేయని అలవాటునే హక్కు లేకపోవడానికి కారణంగా అంగీకరించింది. గాయకులు తమ సంఘం పెట్టుకుని ఈ చట్టం కింద రాయల్టీ కోసం పోరాడగలుగుతున్నారు, ఎందుకంటే వారి పేరు తెర మీద పడుతుంది. గుంపుగా వాయించిన పదిమంది డప్పువాళ్ల పేర్లు ఎన్ని సినిమాల టైటిల్స్‌లో చదివామో పాఠకులే గుర్తుచేసుకోవాలి.

'డప్పు జానపదం కదా, అది అందరిదీ' అని తరచు వినే వాదన ఒకటుంది. దరువు ఉమ్మడిదైతే అది ఏ జాతి ఉమ్మడి సొత్తో ముందు చెప్పాలి. అది పక్కనపెట్టినా, ఆ రోజు ఆ చేయి ఆ తోలు మీద కొట్టిన దెబ్బ ఒక మనిషి ప్రదర్శన. ఉమ్మడి రాగంలో పాడినంత మాత్రాన ఏ విద్వాంసుడి రికార్డూ ఉమ్మడి ఆస్తి కావడం లేదు. శాస్త్రీయ సంగీతంలోనూ పొరల సంగతి ఇదే. మృదంగ విద్వాంసుడికి పేరుంటుంది, ఆవు, మేక, గేదె తోళ్లను పొరలుగా బిగించి ఆ నాదాన్ని పుట్టించిన చేతులకు ఉండదు. టి.ఎం. కృష్ణ ఆ తయారీదారుల మీద 2020లో 'సెబాస్టియన్ అండ్ సన్స్' పుస్తకం తెస్తే, ఆవిష్కరణకు సభామందిరం ఇచ్చిన కళాక్షేత్ర ఆఖరి రోజుల్లో అనుమతిని వెనక్కి తీసుకుంది.

డప్పునే వదిలేయాలన్న వాదం మన వాడల్లోనే ఉంది. నేను దాన్ని తేలిగ్గా తీసుకోను. చావుకు, జాతరకు, చాటింపుకు పిలిస్తే వెట్టిగా పోవలసిన, రానంటే ఊరి కట్టుబాటును ఎదుర్కోవలసిన అనుభవం నుంచి పుట్టిన వివేకం అది. 'తన డప్పు తాను కొట్టుకోవడం' అని గొప్పలు చెప్పుకునేవారిని ఎగతాళి చేసే నుడికారం మన భాషలో ఉంది. నిజానికి డప్పు పట్టినవాడు తరతరాలుగా ఊరందరి కోసం కొట్టాడు గాని తన కోసం కొట్టుకోలేదు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఇప్పుడు డప్పు కళాకారులకు నెలకు 4,000 రూపాయల పింఛను ఇస్తోంది. ఇవ్వవలసిందే. అయితే పింఛను దయ, రాయల్టీ హక్కు. వాయించాలా వద్దా అన్నది ఆ కళాకారుడే తేల్చుకోవాలి. వాయించిన దానికి వాటా ఇవ్వాలా వద్దా అన్నది మిగిలినవారి ఇష్టానికి వదలకూడదు.

ఒక్క దెబ్బకు వాటా ఎలా లెక్కిస్తారని నా తోటి బీట్లవాళ్లే అడుగుతారు. ఒక పాటకు పనిచేసిన వారందరి వాటాలను శాతాల్లో రాసుకునే 'స్ప్లిట్ షీట్' మన వృత్తిలో ఎప్పటినుంచో ఉంది. ట్యూను ముక్క వాడుకుంటే అందులో రాస్తాం. డప్పు మీద నిలబడ్డ పాటలో డప్పుకు ఒక గీత కేటాయించడానికి కొత్త గణితం అక్కర్లేదు. విడి దెబ్బల మూట అమ్మేవారు ప్రతి అమ్మకంలో కళాకారులకు కొంత శాతం రాయవచ్చు. కాగితం తెలుగులో ఉండాలి, చదివి వినిపించాలి. ఫైలు పేరులో అంకె స్థానంలో మనిషి పేరు, ఊరి పేరు ఉండాలి. పేరు ఫైలుతోపాటు ప్రయాణిస్తే, ఎన్ని పొరల కింద పడ్డా వెతికి పట్టుకోవచ్చు. రెండు రాష్ట్రాల సాంస్కృతిక శాఖలు ఉత్సవాలకు డప్పు బృందాలను పిలిచి కవాతు చేయించే బదులు, ఆ బృందాల దెబ్బలను వారి పేర్లతో, వారి యాజమాన్యంలోనే రికార్డు చేయించి భద్రపరిస్తే మేం కొనుక్కుని వాడుకుంటాం. విడి దెబ్బలతో పాటు నలుగురూ కలిసి వాయించినవి కూడా కావాలి.

చట్టం మాత్రం మా చేతుల్లో లేదు. తెలుగు రాష్ట్రాల నుంచి ఎస్సీ రిజర్వుడు స్థానాల్లో గెలిచి లోక్‌సభలో కూర్చునేవారు ఏడుగురు. ప్రదర్శకుడి నిర్వచనానికి 2012లో తగిలించిన ఆ మినహాయింపును తొలగించాలని వారిలో ఒక్కరైనా ప్రైవేటు సభ్యుల బిల్లు పెట్టవచ్చు. అది చర్చకు వచ్చిన రోజున 'పరిశ్రమ వాడుక' అంటే ఏమిటో ప్రభుత్వం సభలో నిలబడి చెప్పవలసి ఉంటుంది.